భరించున దెవరు?

భర్త, భార్య యను రెండు మాటలును ఒకే ధాతువునుండి పుట్టినవి. భరించువాడు భర్త, భరింపబడునది భార్య. మన పౌరాణికు లీ వ్యుత్పత్తిని జెప్పి, వెంటనే దానినుండి యొక ధర్మమును గూడ దీయుచుందురు: భరించువానిది యధికారము, భరింపబడుదానిది విధేయత యని. భాగవత సప్తాహములలోను, నవరాత్రి పందిళ్లలోను ఈ మాట విననివారు మనలో నరుదు. విని తల యూపనివారు మరియు నరుదు. నేనును చాలకాలము తల యూపినవాడనే. వ్యుత్పత్తియందు నాకిప్పటికిని సందేహము లేదు. అది యెవరికి వర్తించునను విషయమునందే సందేహము. ఆ సందేహము నాకు గలిగినది కోరుట్ల వీధులలో.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నే వాడకైనను బోయి చూడుడు. మధ్యాహ్నపు వేళ అరుగులమీదను వసారాలలోను నలుగురైదుగురు స్త్రీలు గూర్చుండి యుందురు. ఒక్కొక్కరి యొడిలో నొక్కొక్క చాట. చాటలో తునికాకు, పొగాకుపొడి, దారము, కత్తెర. నానబెట్టిన యాకును కొలతకు గత్తిరించి, పొడిని బరచి, చుట్టి, మొన మడిచి, దారముతో బిగించి, కట్టలు గట్టుదురు. వేయి బీడీలకింత యని కూలి. ఆకు చాలకున్నను, బాగుగా లేవని టేకేదారు కొన్నిటిని దీసి పారవేసినను ఆ నష్టము చేసినదానిదే. మెడ వంచి కూర్చుండుటచే వెన్నునొప్పి, పొడి పీల్చుటచే దగ్గు ఆమెకు మిగులును. తెల్లవారక మునుపు లేచి వంట ముగించి చాట ముందర గూర్చుండినది, రాత్రి పిల్లలు పండుకొన్న తరువాత గూడ మరల చాటనే యొడిలోనికి దీసికొనును.

ఈ పని చేయువారిలో నత్యధికులు స్త్రీలు. వారిలో పద్మశాలి స్త్రీలు గలరు, ముస్లిము స్త్రీలు గలరు, దళిత స్త్రీలు గలరు. సిరిసిల్లలో మగవాడు మరమగ్గముకడ నుండగా నాడుది ఇంట గండెలు చుట్టును, లేదా బీడీలు చుట్టును. మగ్గము నిలిచిన నెలలో పొయ్యి వెలిగించునది బీడీయే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి మగవారు దుబాయికి, మస్కటుకు, సౌదీకి బోయి యేండ్లకొలది యక్కడనే యుందురు. పోవుటకు జేసిన యప్పు తీరువరకు అతడు పంపిన సొమ్ములో నెక్కువ భాగము వడ్డీకే బోవును. ఇల్లు గడచుట యామె కూలితో. పిల్లను జూడ వచ్చినవారు బీడీలు చేయునా, పీఎఫ్ కార్డున్నదా యని యడుగుట యీ ప్రాంతమున వింత గాదు. భరింపబడుటకు రానున్న కోడలిని, నీవు మమ్ము నెంత భరింపగలవని యడుగుచున్నారన్నమాట.

ఇక ధర్మవాదుల పక్షమును న్యాయముగా జెప్పెదను. పరపక్షమును వికృతము చేసి గెలుచుట గెలుపు గాదు.

బాల్యమున దండ్రి, యౌవనమున భర్త, వార్ధకమున గుమారులు స్త్రీని రక్షింతురనియు, ఆమె స్వాతంత్ర్యమున కర్హురాలు గాదనియు మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము చెప్పుచున్నది. ఖురానులో స్త్రీలు అను నర్థముగల 'అన్నిసా' సూరాలో ముప్పదినాలుగవ ఆయతు, పురుషులు స్త్రీలకు 'ఖవ్వాములు', అనగా బాధ్యత వహించి పోషించువారని చెప్పుచు, దైవమిచ్చిన తారతమ్యమును, పురుషులు తమ ధనమును వ్యయము చేయుటను దానికి గారణములుగా జూపుచున్నది. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక భార్యలను లోబడుమని చెప్పి, భర్తలను మాత్రము క్రీస్తు సంఘముకొరకు దన్ను దా నర్పించుకొనినట్లు ప్రేమింపుమని చెప్పుచున్నది. ఈ మూటియందును గల యభిప్రాయ మిది: కుటుంబమున కొక నాయకుడుండవలయును, నాయకత్వము భోగము గాదు, భారము, ఆ భారమును మోయువానికి లోబడుట స్త్రీకి అవమానము గాదు, విశ్రాంతి. దీనిని మనఃపూర్వకముగా నమ్మిన సజ్జనులు గలరు, నమ్మి నడచినవారును గలరు. వారిని నేను బరిహసింపను.

కాని యొక్క సంగతి గమనింపుడు. ఈ మూడు మతములలో నేదియు పురుషునకు అధికారమును ఊరక యీయలేదు. ఒకటి రక్షణ గోరినది, ఒకటి పోషణ గోరినది, ఒకటి ఆత్మార్పణ గోరినది. అధికారము ముందు, భారము వెనుక యని యేదియు జెప్పలేదు. మన యుపన్యాసకులు శ్లోకములోని సగమును జదివి సగమును మ్రింగుచున్నారు. స్వాతంత్ర్యమున కర్హురాలు గాదను ముక్క వారికి గంఠస్థము. రక్షించునను క్రియ నాలుకకు రాదు. లోబడుమను మాట యాదివారము వినబడును. అర్పించుకొనుమను మాట కంఠమున నిలిచిపోవును. ఖవ్వామను బిరుదు మిగిలినది, వ్యయము మాయమైనది. వెల చెల్లింపక సరకు నడుగువానిని అంగడిలో నేమందుము?

దీనికి వారి మొదటి సమాధానము: ఆమె సంపాదించినను ఇంటనే యున్నది గదా! వీధికెక్కలేదు, పరపురుషుల నడుమ బని చేయలేదు, గృహలక్ష్మి ధర్మము చెడలేదు. సరియే. ఆ గడప యెవరికి లాభించుచున్నదో చూతము. కార్ఖానా గట్టవలసిన పనిలేదు. గాలి, వెలుతురు, నీరు, మరుగుదొడ్డి యీయవలసిన పనిలేదు. పని గంటలు లెక్కింపవలసిన పనిలేదు. ఆమె యిల్లే కార్ఖానా, ఆమె దీపమే దీపము, ఆమె పిల్లల చేతులే సహాయము. మతము గీసిన గీతలోపల నామె నిలిచియుండుట చేతనే కూలి తక్కువకు దొరకుచున్నది. ఆడుది గడప దాటరాదను ధర్మమును మన పౌరాణికులు బోధించిరి; దాని ఫలమును బీడీ వ్యాపారులు భుజించిరి. 1966లో కేంద్రప్రభుత్వము చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము, ఇంటికి ముడిసరకు దెచ్చుకొని బీడీలు చేయునట్టి స్త్రీనిగూడ గార్మికురాలనియే గుర్తించినది. తెలంగాణ ప్రభుత్వము ఆసరా పింఛనులలో బీడీ కార్మికులను జేర్చినది. సర్కారు కాగితమునకు అరువది యేండ్ల క్రితమే తెలిసిన సత్యము ధర్మపీఠమున కింకను దెలియకపోయె నేని, లోపము కాగితమునందు గలదా, పీఠమునందు గలదా?

రెండవ సమాధానము: ఎడారి యెండలో రెక్కలు ముక్కలు చేసికొనువాడు భర్త గాడా? అతని కష్టమును మరచితివా? మరువలేదు. గల్ఫునుండి శంషాబాదు విమానాశ్రయమునకు బెట్టెలలో వచ్చిన శవములను, వానికొరకు వాకిట గూర్చున్న తల్లులను ఎరిగిన ప్రాంతము మాది. అతడు భారము మోయుచున్నా డనుట సత్యము. అట్లైన నిద్దరును మోయుచున్నారు. ఇద్దరు మోయు బరువునకు ఒక్కరి పెత్తనమేల? అతడు లేని యేండ్లలో పొలము చూచునది, ఎరువు తెచ్చునది, వడ్డీ కట్టునది, పిల్లవానిని బడిలో వేయునది, అత్తమామలను ఆస్పత్రికి దీసికొనిపోవునది ఆమె. కాని కులసంఘము గూడిన నాడామెను బిలువరు. అతని తమ్ముని బిలుతురు. చట్టములో బేరైన లేని గ్రామాభివృద్ధి కమిటీలు గూర్చుండి తీర్పులు చెప్పునప్పుడు అరుగుమీద నున్నవారందరును మగవారే. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు గేటాయించిరి గదా యందురా? గెలిచినది భార్య యైనను కుర్చీలో గూర్చుండువాడు భర్త యగుచోట్లు ఎన్ని లేవు? భారమునకు భార్య, కుర్చీకి భర్త!

మూడవ సమాధానము మిక్కిలి ప్రచారములో నున్నది: స్త్రీవాదము పాశ్చాత్యుల సరకు, మన కుటుంబములను గూల్చుటకు వచ్చినది. ఇట్లనువారు తమ యూరి చరిత్రనైన జదువలేదని చెప్పవలసివచ్చుచున్నది. నిజాం రాష్ట్రమున ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి గూడినప్పుడే దానితోపాటు స్త్రీల సభయు నడిచినది. నడింపల్లి సుందరమ్మగా రధ్యక్షురాలు. 1935లో ఆ మహాసభ గూడినది మన సిరిసిల్లలోనే. మాడపాటి హనుమంతరావుగారు మహాసభకును, మాడపాటి మాణిక్యమ్మగారు మహిళాసభకును అధ్యక్షత వహించిరి. స్త్రీవిద్య, బాల్యవివాహములు, వితంతువుల దుస్థితి ఆ కాలపు మహిళాసభలు చర్చించిన విషయములు. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా పరదాను విడిచి, ఉర్దూలో స్త్రీలకొరకు పత్రిక నడిపి, బాలికలకు బడి పెట్టినది. వీరిలో నెవ్వరును సముద్రము దాటి వచ్చినవారు గారు; తమ మతములను విడిచినవారును గారు. తొంబది యేండ్ల క్రితము సిరిసిల్ల పందిటిలో స్త్రీలు చర్చించిన సంగతులను నేడు విదేశీయమని త్రోయుట చరిత్ర దెలియమి యనవలె, కాదేని తెలిసి మరుగుపరచుట యనవలె.

కుటుంబము గూలుననుటకు గూడ నొక మాట. సిరిసిల్లలో మరమగ్గములు నిలిచి, అప్పులు పెరిగి, ఈ శతాబ్దపు తొలియేండ్లలో నెందరో నేతపనివారు ప్రాణములు దీసికొనిరి. ఆ కుటుంబములను గూల్చినది స్త్రీల స్వాతంత్ర్యమా? కూలి లేమి, అప్పు, కల్లు సారాయి. కూలినదానిని నిలబెట్టిన దెవరు? చాట యొడిలో బెట్టుకొన్న యా వితంతువు.

ఆమెకు మనమిచ్చిన గౌరవ మేమి? ఇది నా హృదయమున ముల్లువలె నాటిన సంగతి. మన ప్రాంతపు బతుకమ్మవంటి పండుగ మరియొకటి లేదు. దానికి బురోహితుడు లేడు, మంత్రము లేదు, గుడి లేదు. తంగేడు గునుగు బూలు పేర్చునది స్త్రీ, పసుపు గౌరమ్మను జేయునది స్త్రీ, పాడునది, ఆడునది, చెరువున విడుచునది స్త్రీ. 2014లో రాష్ట్రప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా బ్రకటించినది. 2017 మొదలు కొన్ని యేండ్లు సిరిసిల్ల మగ్గములమీద నేసిన బతుకమ్మ చీరలను ఇంటింటికి బంచినది. ఆ చీరలకు గండెలు చుట్టినవారిలో వితంతువు లెందరు లేరు! అట్టి యామె సద్దుల బతుకమ్మనాడు పసుపు కుంకుమలు పంచుకొను వేళ, వాయినములు మార్చుకొను వేళ, తనంతట దానే వెనుకకు దొలగును. భర్త చేసిన యప్పు ఆమె నొసట నిలిచినది. కుంకుమ మాత్రము నిలువరాదు! అప్పునకు వారసురాలగుట కడ్డురాని వైధవ్యము, ఒక చిటికెడు పసుపున కెట్లడ్డు వచ్చినది?

సోదరీమణులారా, ఇచ్చట నేను బురుషులను దూషించి తప్పించుకొనలేను. ఈ పండుగలో శాసించువాడు మగవాడు గాడు. ఇందులో బురోహితుని యనుమతి యక్కరలేదు, పండితసభ తీర్పు అక్కరలేదు. మీ చేతిలోని కుంకుమభరిణను మీరే యామెవైపు చాచిన జాలును. ఏ శాస్త్రము మీ చేయి బట్టుకొనును? మీరు వెనుకాడినచో, మిమ్ము గట్టినది మతము గాదు, అలవాటే యని యొప్పుకొనుడు.

రక్షింతుమని చెప్పిన ధర్మము రక్షింపక విడిచినవారిలో వితంతువుకంటెను దిక్కులేనివారు జోగినులు. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములలో బేదదళితుల యాడుపిల్లలను జిన్ననాడే దేవతకు సమర్పించి, ఊరిమగవారి పాలు చేసిన యాచారమును మన పెద్దలెరుగుదురు. 1988లో శాసనసభ దానిని నేరముగా జేయవలసివచ్చినది. బాల్యమున దండ్రి రక్షించునను స్మృతివాక్యము ఆ బాలికల విషయమున నే యటకమీద నుండినది? అప్పుడు ధర్మరక్షణకై లేవని గొంతు, నేడొక బాలిక పైచదువునకు హైదరాబాదు పోయెదనన్న లేచుచున్నది.

ఇక నాస్తి విషయము. శాస్త్రమునందు నిజముగా భక్తిగలదో లేదో తేల్చు గీటురాయి ఇది. పదునొకండవ, పండ్రెండవ శతాబ్దముల సంధికాలమున గల్యాణీ చాళుక్యుల యాస్థానమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర రచించెను. దాయముగా వచ్చినది, కొన్నది, పంపకములో వచ్చినది యంతయు స్త్రీధనమే యని యాతడు విశాలముగా నర్థము చెప్పెను. వేరుపడిన భర్త పుత్రులు లేక మరణించిన నాతని యాస్తికి బత్నియే మొదటి వారసురాలనెను. కేతన దానిని విజ్ఞానేశ్వరీయమని తెలుగు జేసెను. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానము లా యర్థమును గుదించి వితంతువునకు బరిమితమైన హక్కునే యిచ్చినవి. 1956 చట్టము మరల సంపూర్ణహక్కు నిచ్చినది. 1985లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అప్పటికి బెండ్లి గాని కుమార్తెలకును, 2005లో పార్లమెంటు కుమార్తెలందరకును సమష్టి కుటుంబపు టాస్తిలో గుమారులతో సమానమైన భాగము నిచ్చినవి. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

ఖురాను కూతురికి భాగము నిర్ణయించినది; అది కొడుకు భాగములో సగమైనను, ఎగవేయుటకు వీలులేని భాగము. స్త్రీ సంపాదించినది స్త్రీదే యనియు నా గ్రంథమే చెప్పుచున్నది. మహరు భార్య సొత్తు. ఆమె కూలిపై భర్తకు హక్కు లేదు.

మరి మన యిండ్లలో జరుగుచున్నదేమి? హిందువుల యింట చెల్లెలు పండుగకు వచ్చినప్పుడు అన్నలు కాగితము ముందు బెట్టి, పుట్టింటి రాకపోకలు గావలయునా, పొలము గావలయునా యని యడుగుదురు. ఆమె సంతకము చేయును. ముస్లిముల యింటను చాలచోట్ల నిదే కాగితము, ఇదే సంతకము. మహరు నికానాడు చదివి మరచునది, వరకట్నము మాత్రము లెక్కించి పుచ్చుకొనునది. లోబడుమను వాక్యము వచ్చినప్పుడు వీరు పరమ శాస్త్రవాదులు; ఇయ్యుమను వాక్యము వచ్చినప్పుడు వీరు పరమ నాస్తికులు! స్త్రీవాదులు మతమును జెరచుచున్నారని యఱచువారలారా, ముందుగా మీ మతము కూతురికి వ్రాసిన భాగమును గొలిచి యిచ్చి, తరువాత మాతో మాటాడుడు.

ఇంతవరకును నేను వాదించినది వారి గడపలో నిలిచియే. ఇందొక యపాయమును గలదు. దానిని జెప్పక ముగించుట న్యాయము గాదు. సంపాదించుటచేతనే హక్కు కలుగునని నేను జెప్పినట్లు గొంద రర్థము చేసికొనవచ్చును. అట్లైన రోగముచే జాట దింపివేసిన స్త్రీ గతియేమి? వేలు వంకరలు వోయిన ముదుసలి గతియేమి? వంట చేసి, పిల్లలను బెంచి, కూలి లెక్కలో నెన్నడును జేరని యామె గతియేమి? మగవాడు మంచమెక్కిన నాతని గౌరవము దీసివేయుదుమా? లేదు గదా! మనుష్యుడగుటచేత నాతనికి గౌరవము. ఆమెకును అంతే. మోయువానికే యధికారమను సూత్రము నాది గాదు, వారిది. ఆ సూత్రమును వారే పాటింపరని చూపుటకు మాత్రమే నేను దానిని బట్టితిని. నిజమైన ధర్మము తక్కెడ పట్టి, ఎవరెంత మోసిరని తూచి గౌరవ మీయదు. ఒకరు మోయలేనప్పుడు మరియొకరు మోతురు. ఇద్దరును గలిసి నిర్ణయింతురు.

జగిత్యాల జిల్లాలోనే గోదావరి యొడ్డున ధర్మపురి యున్నది. వేదపండితులకు బేరుగాంచిన క్షేత్రము. అచ్చటి పండితులు, మన పట్టణముల మౌల్వీలు, పాస్టర్లు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలయునని నేను సవినయముగా గోరుచున్నాను: రక్షణయు బోషణయు లేనిచోట విధేయత నడుగుటకు మీ గ్రంథమున నాధార మేది? ఉన్నచో జూపుడు. లేనిచో వచ్చు శుక్రవారము, వచ్చు ఆదివారము, వచ్చు సప్తాహమున నా సంగతియే చెప్పుడు. స్త్రీలకు మీరు చాలకాలము బోధించితిరి. ఇప్పుడు పురుషులకు బోధింపుడు.

గృహస్థులమైన మనము పండితుల తీర్పుకొరకు వేచియుండ నక్కరలేదు. పీఎఫ్ కార్డును, బ్యాంకు పుస్తకమును ఆమె చేతిలో నుంచుడు. పొలపు పాసుపుస్తకములో నామె పేరును జేర్చుడు. సంఘము గూడిననాడు ఆమెకును చాప పరువుడు. చెల్లెలిచే విడుదల కాగితమున సంతకము చేయింపకుడు. కోడలి చేతివేగము గాక చదువెంత యని యడుగుడు. బతుకమ్మనాడు వితంతువును ముందు వరుసలోనికి బిలువుడు. ఇందులో నే యొక్కటియు మతవిరుద్ధము గాదు. ఏ యొక్కటియు బ్రభుత్వపు టాజ్ఞకొరకు వేచియుండదు.

భరించువాడు భర్త యని పౌరాణికుడు మరల జెప్పినప్పుడు, తల యూపుటకు ముందు మన యింటి వసారాలోనికి చూపు ద్రిప్పుదము. అచ్చట చాట ముందర మెడ వంచి కూర్చున్న యామెకు ఏ పేరు పెట్టవలయునో వ్యాకరణమే చెప్పును.